వలసొచ్చి పేపరు కొనిన ఆయమ్మ

మన ఆస్పరి, ఆలూరు, ఆదోని, ఎమ్మిగనూరు తట్టు ఇప్పుడు ఫోను లేని పిల్లోడు లేడు. టమోటా ధర పడిపోయి రైతు గంపలు రోడ్డు మీద పారబోస్తే ఆడనే నిలబడి వీడియో తీస్తాండారు. సుగ్గికని గుంటూరు తట్టు మిరప చేలకు పోయే బండ్లను, మూటల పక్కన కూసున్న చిన్న పిల్లోళ్లను తీసి పెడతాండారు. చానా మంచి పని. పెద్ద పేపర్లు నాలుగు లైన్లు గుడక వేయని సంగతి మీ వల్ల పదిమందికి తెలుస్తాంది.

గాని ఒక మాట అడుగుతా. మీరు పెట్టే ఆ వీడియో ఉండే జాగా ఎవురిది? రేప్పొద్దున ఆ జాగా ఓనరు దాన్ని తీసేస్తే మీ తాన ఏం మిగుల్తాది? కౌలు చేను ఎంత బాగా దున్నినా చేను మనది కాదు కదా.

ఈ ప్రశ్న వెంట పోతాంటే నాకు ఒకాయమ్మ కనపడింది. అనీబిసెంట్. బడి పుస్తకంలో ఆయమ్మ గురించి రెండు ముక్కలే ఉంటాయి. హోంరూల్ ఉద్యమం, కాంగ్రెస్‌కు మొదటి మహిళా అధ్యక్షురాలు. ఆడికి అయిపాయ. పరాయి దేశం నుంచి వలసొచ్చి, మద్రాసులో సొంత దుడ్లతో దినపత్రిక కొని, సర్కారుతో కొట్లాడిన మనిషని ఎవురూ చెప్పరు. నేను పెద్ద చదువులు చదివినోన్ని కాదు. లైబ్రరీ పుస్తకాలతోనే నేర్చుకున్నోన్ని. ఉద్యమాల్లో తిరిగే మనిషిగా ఆయమ్మ బతుకులో నాకు అన్నింటికన్నా పనికొచ్చేది ఈ పేపరు కతే అనిపిస్తాది. అందుకే మీకు చెప్తాండా.

ముప్పై షిల్లింగులు

1847 అక్టోబరు 1న లండన్‌లో పుట్టింది. అప్పటికి పేరు అనీ వుడ్. తల్లి ఐర్లండ్ మనిషి. పిల్లకు ఐదేండ్లప్పుడే నాయన సచ్చిపోయినాడు. తల్లి హారో అనే ఊర్లో బడి పిల్లోళ్లకు వండిపెట్టే బోర్డింగు ఇల్లు నడిపి బతికింది. అనీకి 20 ఏండ్లప్పుడు, 1867లో, ఫ్రాంక్ బిసెంట్ అనే చర్చి పాదిరితో పెండ్లయింది. ఒక కొడుకు, ఒక కూతురు పుట్టినారు.

ఇంట్లో కూసొని కతలు రాసేది. ఒక కత ఫ్యామిలీ హెరాల్డ్ అనే పత్రికకు పంపితే వాళ్లు అచ్చేసి ముప్పై షిల్లింగులు పంపినారు. బతుకులో ఆయమ్మ సంపాదించిన మొదటి దుడ్లు అవి. మొగుడు తీసుకున్నాడు. దొంగతనంగా కాదు, చట్టప్రకారమే. ఆ కాలం ఇంగ్లండు చట్టంలో పెండ్లయిన ఆడమనిషి సంపాదన మొగునిదే. రాసిన చెయ్యి ఆయమ్మది, కూలి ఆయప్పది.

మన ఊర్లల్లో దీన్ని ఎవురికీ ఇడమర్చి చెప్పే పని లేదు. పొద్దుగూకులూ పత్తి తీసిన ఆడోళ్ల కూలి ఎవురి జేబులోకి పోతాదో మీ అమ్మల్ని అడుగుతే చెప్తారు.

మొగుడు పాదిరి. పెండ్లానికేమో దేవుని మీద అనుమానాలు పుట్టినాయి. చర్చిలో పూజకు కూసోవాల్సిందే, లేకుంటే ఇల్లు దాటాల్సిందే అని మొగుడు పట్టుబట్టినాడు. 1873లో ఇల్లు దాటింది. మరుసటి ఏడు చార్లెస్ బ్రాడ్లా అనే నాస్తికవాది పరిచయమైనాడు. ఆయప్ప నడిపే నేషనల్ రిఫార్మర్ పత్రికలో రాయడానికి చేరింది. వారానికి ఒక గినీ జీతం. అంటే ఒక పౌను మీద ఒక షిల్లింగు. తక్కువే, గాని ఈసారి దుడ్లు తన చేతికే వచ్చినాయి.

1877లో ఇంకో అడుగు ముందుకేసింది. పిల్లలు ఎక్కువ పుట్టకుండా ఏం చేయాలని అమెరికా డాక్టరు చార్లెస్ నోల్టన్ రాసిన ఒక చిన్న పుస్తకం ఉండె. దాన్ని అచ్చేసినోళ్ల మీద ఇంగ్లండులో కేసు పడింది. అంతకుముందు అచ్చేసినాయన కోర్టులో తప్పు ఒప్పుకున్నాడు. ఇంగ ఎవురూ దాన్ని ముట్టుకోరని తెలిసి అనీబిసెంట్, బ్రాడ్లా ఇద్దరూ కలిసి సొంతంగా ఫ్రీథాట్ పబ్లిషింగ్ కంపెనీ పెట్టినారు. పుస్తకం మళ్లీ అచ్చేసినారు. ఎప్పుడు, యాడ అమ్ముతామో పోలీసులకు ముందే తెలిపినారు. పట్టుకుపోండి, కోర్టులోనే తేల్చుకుందామని వాళ్ల ఎత్తు.

కోర్టులో ఆయమ్మ వకీలును పెట్టుకోలేదు, తన కేసు తానే వాదించుకుంది. ఆరు నెల్ల జైలు, 200 పౌన్ల జరిమానా వేసినారు. పైకోర్టులో, కేసు రాసిన తీరులో లోపం ఉండాదని అది కొట్టేసినారు. ఈ గలాటాలో పుస్తకం లక్షకు పైగా అమ్ముడుపోయింది.

గెలిచిందనుకునేలోగా ఇంకో దెబ్బ పడింది. ఇట్లాంటి పుస్తకాలు అమ్మే, దేవుడు లేడనే ఆడమనిషి తాన ఆడపిల్ల పెరగకూడదని మొగుడు కోర్టుకు పోయినాడు. 1878లో కూతురు మేబెల్‌ను గుంజుకున్నారు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, దీంతో మళ్లీ పని ఉండాది.

అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ

1888లో లింక్ అని ఒక వారపత్రిక నడిపింది. ధర అర పెన్నీ, కూలోళ్లు కొనగలిగే ధర. తూర్పు లండన్‌లో బ్రయంట్ అండ్ మే అని పెద్ద అగ్గిపెట్టెల కంపెనీ ఉండె. పని చేసేది చానావరకు ఆడపిల్లలు. కూలి అంతంత మాత్రమే. అందులో జరిమానాలు. కాళ్లు మురికిగా ఉంటే జరిమానా, మాట్లాడుకుంటే జరిమానా, ఆలస్యమైతే జరిమానా. అగ్గిపుల్లలకు పూసే తెల్ల ఫాస్ఫరస్ వల్ల దవడ ఎముక కుళ్లిపోయే రోగం. ఇంగోపక్క వాటాదార్లకు మాత్రం నూటికి 20కి పైగా లాభం పంచుతాండ్రి.

అనీబిసెంట్ ఫ్యాక్టరీ గేటు కాడికి పోయి ఆ పిల్లలతో మాట్లాడింది. జూన్ 23న లింక్‌లో అంతా రాసేసింది. కూలి ఎంత, జరిమానా ఎంత, లాభం ఎంత అని లెక్కలతో సహా రాసింది. కంపెనీ ఏం చేసిందంటే, ఇదంతా అబద్ధమని కాయితం రాసి పిల్లల్ని సంతకం పెట్టమనింది. వాళ్లు పెట్టమన్నారు. ఒక పిల్లను పనిలో నుంచి తీసేస్తే దగ్గర దగ్గర 1,400 మంది పని ఇడిసిపెట్టి బయటికి వచ్చేసినారు.

ఇక్కడ ఒక సంగతి సరిగ్గా తెలుసుకోవల్ల. సమ్మె అనీబిసెంట్ చేయించింది కాదు. ఆ పిల్లలే చేసినారు. తర్వాత ఆయమ్మ చందాలు వసూలు చేసింది, పేరు పేరునా సమ్మె సాయం పంచే ఏర్పాటు చేసింది, పార్లమెంటు మెంబర్ల కాడికి పిల్లల్ని తీసుకపోయింది, వారం వారం పత్రికలో రాసింది. రెండు వారాల్లో కంపెనీ దిగొచ్చింది. జరిమానాలు ఎత్తేసినారు, తీసేసిన వాళ్లను పనిలోకి తీసుకున్నారు, యూనియన్ పుట్టింది. పత్రిక చేసే పని ఇంతే. కష్టం పడేది, తిరగబడేది జనమే. ఆ సంగతి గోడ దాటి బయటికి పోయే దారి పత్రిక.

మద్రాసుకు వచ్చినాక

1889లో దివ్యజ్ఞాన సమాజంలో చేరింది. నాస్తికురాలు ఇట్ల మారిపోయిందేందని పాత స్నేహితులు నోరెళ్లబెట్టినారు. ఆ సమాజం పని మీదనే 1893 నవంబరులో మన దేశానికి వచ్చింది. అప్పటికి ఆయమ్మకు 46 ఏండ్లు. చీర కట్టింది, ఈడనే ఉండిపోయింది. 1898లో కాశీలో హిందూ కాలేజీ పెట్టింది. 1907లో సమాజానికి అధ్యక్షురాలై మద్రాసు అడయారు కేంద్రంగా పని చేసింది.

వలస అంటే మనకు తెలిసింది ఒకటే. వాన లేక, పని లేక, బిడ్డల్ని సంకనేసుకొని పోయేది. ఆయమ్మది ఆ వలస కాదు. ఏలే దేశం నుంచి ఏలబడే దేశానికి వచ్చింది. తెల్ల తోలుకు ఈడ ఉండే విలువ వేరే. ఆ తేడా మర్చిపోకుండానే కత ఇనల్ల. గాని అదే తెల్ల తోలుతో, తెల్లోల్ల సర్కారును ఎదిరించే పేపరు పెట్టడం చిన్న సంగతి కాదు.

1914 జనవరిలో కామన్‌వీల్ అనే వారపత్రిక మొదలుపెట్టింది. అదే ఏడు మద్రాస్ స్టాండర్డ్ అనే ఇంగ్లీషు దినపత్రికను కొనేసి, న్యూ ఇండియా అని పేరు మార్చింది. 66 ఏండ్ల వయసులో! అదే 1914లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు ఆంధ్రపత్రికను మద్రాసు నుంచి దినపత్రికగా తెచ్చినాడు. అప్పటికి మన ఆదోని, ఆలూరు తట్టంతా బళ్లారి జిల్లాలో ఉండె. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చేదాకా అంతే. బళ్లారి, కర్నూలు అన్నీ మద్రాసు సర్కారు కిందనే. మద్రాసులో పేపరోళ్లకు పడిన సంకెల మనకూ పడినట్టే.

న్యూ ఇండియా అడిగింది ఒకటే. ఈ దేశాన్ని ఈ దేశం మనుషులే ఏలుకోవల్ల, రేపో ఎల్లుండో కాదు, ఇప్పుడే. యుద్ధం జరుగుతాంది, ఇంగ్లండు కష్టంలో ఉండాది, నోరు మూసుకోండి అనేది సర్కారు మాట. కష్టంలో ఉన్నప్పుడే అడగల్ల అనేది ఆయమ్మ మాట.

డిపాజిట్టు దుడ్లు

సర్కారు పేపర్ల నోరు ఎట్ల మూసేదో ఇప్పటి పిల్లోళ్లు తెలుసుకోవల్ల. 1910 ప్రెస్ చట్టం అని ఒకటి ఉండె. ప్రెస్ పెట్టేవాడు సర్కారు కాడ డిపాజిట్టు కట్టల్ల. 500 నుంచి 2,000 రూపాయల దాకా. సర్కారుకు నచ్చని రాత కనపడితే ఆ దుడ్లు జప్తు. మళ్లీ ప్రెస్ నడపల్లంటే 1,000 నుంచి 10,000 దాకా కొత్త డిపాజిట్టు. రెండోసారి తప్పు పడితే దుడ్లతో పాటు ప్రెస్సే జప్తు. ఇందులో ఉండే తెలివి చూడండి. ఎడిటర్ని జైల్లో పెడితే వాడు హీరో అయితాడు. అదే దుడ్లు గుంజుకుంటే పేపరు ఆకలికి సస్తాది, జనానికి శవం గుడక కనపడదు.

1916 మే నెలలో న్యూ ఇండియాను 2,000 రూపాయలు కట్టమన్నారు. చట్టంలో ఉండే పైరేటు. కట్టింది. రాత మార్చలేదు. ఆగస్టులో ఆ దుడ్లు జప్తు చేసి 10,000 అడిగినారు. అదీ పైరేటే. ఆ కాలానికి 10,000 అంటే ఎంత సొమ్మో మీరే లెక్కేసుకోండి. అదీ కట్టింది. మద్రాసు హైకోర్టుకు పోయింది, లండన్ ప్రీవీ కౌన్సిల్ దాకా పోయింది. రెండు తావులా ఓడింది. పేపరు మాత్రం ఆగలేదు. అదే సెప్టెంబరులో హోంరూల్ లీగు పెట్టింది.

ఈడ మన కర్నూలు మనిషి పేరు చెప్పకపోతే నాకు తిండి దిగదు. గాడిచర్ల హరిసర్వోత్తమరావు. 1908లో విజయవాడ నుంచి స్వరాజ్య పత్రిక నడిపి, తిరునెల్వేలి కాల్పుల మీద రాసినందుకు మూడేండ్లు జైలు పాలైనాడు. ఆయప్పే తర్వాత ఆంధ్రలో హోంరూల్ లీగుకు కార్యదర్శిగా ఊరూరా తిరిగినాడు. ఆయమ్మ పేపరు ఇంగ్లీషులో ఉండె. దాన్ని చదివేది వకీళ్లు, గుమాస్తాలు, కాలేజీ పిల్లోళ్లు. ఆ మాటను తెలుగులో ఊర్లకు మోసింది గాడిచర్ల మాదిరి మనుషులే.

1917 జూన్‌లో గవర్నరు పెంట్లాండ్ ఆయమ్మను, పేపర్లో తోడుగా ఉండే వాడియాను, అరండేల్‌ను నిర్బంధించినాడు. పంపింది ఊటీ కొండలకు. అదే రాతకు గాడిచర్లకు వేలూరు జైలు, ఆయమ్మకు ఊటీ బంగళా. తెల్ల తోలుకు ఉండే విలువ అని ఇందాక నేను చెప్పింది ఇదే. అయినా దేశమంతా మండిపాయ. సుబ్రహ్మణ్య అయ్యర్ అనే పెద్ద జడ్జి ఏకంగా అమెరికా ప్రెసిడెంటు విల్సన్‌కు జాబు రాసి, తర్వాత తన సర్ బిరుదు ఇడిసిపెట్టినాడు. సెప్టెంబరులో సర్కారు వాళ్లను ఇడిసింది. డిసెంబరులో కలకత్తా కాంగ్రెస్‌కు ఆయమ్మ అధ్యక్షురాలైంది. మన రాయలసీమలో ఆయమ్మ 1915లో పెట్టిన మదనపల్లె కాలేజీ పిల్లోళ్లు హోంరూల్‌లో దిగినారని మద్రాసు యూనివర్సిటీ ఆ కాలేజీ గుర్తింపు తీసేసింది. 1919లో టాగూరు జనగణమనను ఇంగ్లీషు చేసింది ఆ కాలేజీలోనే.

ఇంకొకటి. ఆ వాడియానే 1918 ఏప్రిల్‌లో పెరంబూరు బట్టల మిల్లు కూలోళ్లతో మద్రాస్ లేబర్ యూనియన్ పెట్టినాడు. దేశంలో పద్ధతిగా నడిచిన మొదటి యూనియన్ అదేనంటారు. లండన్ అగ్గిపెట్టెల గేటు కాడ మొదలైన దారి ముప్పై ఏండ్లకు పెరంబూరు మిల్లు గేటు కాడికి వచ్చింది.

ఆయమ్మ పేపర్లో లేనోళ్లు

ఈడితో ఆపేస్తే చదివినోళ్లంతా చప్పట్లు కొడతారు. నేను ఆపను.

1909లో ఇండియన్ రివ్యూ పత్రికలో ఆయమ్మ అంటరాని కులాల గురించి ఒక వ్యాసం రాసింది. ఆ పిల్లలు చదువుకోవల్ల అనింది. గాని మిగతా పిల్లల పక్కన ఒకే బడిలో కూసోబెట్టొద్దనింది. వాళ్ల ఒళ్లు, అలవాట్లు శుభ్రం కావడానికి తరాలు పడతాదనే మాదిరి రాసింది. అగ్గిపెట్టెల పిల్లల కాళ్ల మురికికి జరిమానా వేస్తే మండిపడిన మనిషే, ఈడ మాల మాదిగ బిడ్డల ఒంటిని వేలెత్తి చూపింది. అంబేడ్కర్ దీన్ని మర్చిపోలేదు. 1945లో కాంగ్రెస్, గాంధీ అంటరానోళ్లకు చేసిందేమిటని రాసిన పుస్తకంలో ఆ వ్యాసాన్ని తీసి జనం ముందర పెట్టినాడు. అదే సమాజంలో ఆయమ్మ కన్నా ముందుండిన ఆల్కాట్ దొర 1894లోనే మద్రాసులో పంచమ పిల్లలకు ఉచిత బడి పెట్టిన సంగతి తెలిస్తే ఆ రాత ఇంకా నొప్పి పుట్టిస్తాది.

హోంరూల్ వస్తే ఏలేది ఎవురు అని అడిగినోళ్లు మద్రాసులో చానామంది ఉండ్రి. పిట్టి త్యాగరాయ చెట్టి, టి. ఎం. నాయర్ మాదిరి పెద్దోళ్లు 1916లో బ్రాహ్మణేతరుల సంఘం పెట్టినారు. న్యూ ఇండియాలో మా మాటకు చోటు లేదని తిడతా కూసోలేదు. 1917 ఫిబ్రవరిలో జస్టిస్ అని సొంత దినపత్రిక తెచ్చినారు. జనం ఆ పార్టీనే జస్టిస్ పార్టీ అనిరి. పేపరు పేరే పార్టీకి పేరైంది. పేపరుకు జవాబు పేపరుతోనే చెప్పిరి.

ఇందాక కూతుర్ని గుంజుకున్న సంగతి గుర్తుపెట్టుకోమంటిని కదా. మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిని, తమ్ముడు నిత్యానందను లోకగురువును చేస్తామని ఆయమ్మ తన పెంపకంలోకి తీసుకుంది. పిల్లల నాయన జిడ్డు నారాయణయ్య మన తెలుగాయన, రిటైరైన ఉద్యోగి. నా బిడ్డల్ని నాకు ఇయ్యమని 1912లో కోర్టుకు పోయినాడు. మద్రాసు హైకోర్టులో గెలిచినాడు. ఆయమ్మ ప్రీవీ కౌన్సిల్‌కు పోయి 1914లో ఆ తీర్పు తిరగేయించింది. లండన్‌కు పోయి కొట్లాడే స్తోమత ఆ నాయనకు యాడిది? కోర్టు తన బిడ్డను గుంజుకుంటే ఎట్లుంటాదో తెలిసిన తల్లి, అదే కోర్టుతో ఇంకొకరి బిడ్డల్ని తన తాన ఉంచుకుంది.

1919లో గాంధీ సత్యాగ్రహం మొదలుపెట్టినప్పుడు ఆయమ్మ ఎదురు నిలిచింది. చట్టం మీరితే జనం అదుపు తప్పుతారని ఆయమ్మ భయం. గుంపుల మీద సర్కారు కాల్పుల్ని సమర్థించే రాతలు న్యూ ఇండియాలో వచ్చినాయి. జలియన్‌వాలాబాగ్ సంగతి బయటపడినాక ఆ రాతల్ని జనం క్షమించలేదు. రెండేండ్ల కింద నెత్తిన పెట్టుకున్న జనమే పక్కకు జరిగిపాయ. 1925లో ఈ దేశానికి స్వయంపాలన ఇచ్చే బిల్లును ఇంగ్లండు పార్లమెంటుకు చేర్చింది, అది ముందుకు పోలేదు. 1933 సెప్టెంబరు 20న అడయారులో కన్ను మూసింది. వయసు 85. పుట్టిన దేశానికి తిరిగి పోకుండా, వలసొచ్చిన మట్టిలోనే కలిసింది.

మనకు ఏం పనికొస్తాది

ఈయమ్మకు దండం పెట్టమని నేను చెప్పను. ఇడిసిపెట్టమనీ చెప్పను. ఆయమ్మ బతుకులో నాకు రెండు మాటలు కనపడతాయి.

ఒకటి. ముప్పై షిల్లింగుల కాడ్నించి పదివేల రూపాయల దాకా ఆయమ్మ నేర్చుకుంది ఒకటే పాఠం. రాయడం సగం పనే. అచ్చేసే జాగా మన చేతిలో లేకుంటే ఆ రాతకు భరోసా లేదు. ఇప్పుడు మనల్ని ఎవురూ డిపాజిట్టు అడగరు. అందుకే జాగా మనది కాదని మనకు గుర్తుకు రాదు. నోరు మూయాల్సిన రోజు వస్తే ఒక బటన్ నొక్కుతారు, అంతే. మీరు తీసిన వీడియో, రాసిన ముక్క ఇంకో తావున దాచిపెట్టండి. ఊర్లో పదిమంది కలిసి, తలా ఇంత వేసుకొని, సొంత పేరుతో ఒక చిన్న సైటు నడపండి. దానికి అయ్యే ఖర్చు ఆయమ్మ కట్టిన డిపాజిట్టు ముందర లెక్కలోకి గుడక రాదు.

రెండు. జాగా సొంతమైనంత మాత్రాన అందరి గొంతూ అందులో పలకదు. ఓనరు కంటికి ఆనని మనుషులు పేపర్లోనూ ఆనరు. అంత తెలివి, అంత ధైర్యం ఉండిన మనిషికే మాల మాదిగ పిల్లలు సరిగ్గా ఆనలేదు. మనకు ఎవురు ఆనడం లేదో మనం చూసుకోవల్ల. మీ పేజీలో ఎస్సీ కాలనీ ఎన్నిసార్లు వచ్చింది? సుగ్గికి పోయిన ఇంట్లో మిగిలిన ముసిలామె మాట ఎప్పుడన్నా పెట్టినారా? బడి ఇడిసి మిరప కోతకు పోయిన పాపను ఫోటో తీసినారు సరే, ఆ పాపతో మాట్లాడినారా?

ఆయమ్మ ఫ్యాక్టరీ గేటు కాడికి పోయి అడిగింది కాబట్టే లింక్‌లో ఆ లెక్కలు వచ్చినాయి. ఇంటికి బోయిన్నట్టు పోయి అడగండి. కూలి ఎంత, అప్పు ఎంత, మేస్త్రీ పట్టుకునేది ఎంత అని లెక్కతో రాయండి. ఈ ఏడు సుగ్గి బండ్లు కదిలే లోపల మొదలుపెట్టండి.